బదరికి వెళ్లే వంటిల్లు

18-1-82

ఈయన వ్యాను కొన్నారు.

నన్ను ఒక్క మాట అడిగారా? లేదు. రిటైరైన రోజున దేవస్థానం ఆఫీసువాళ్లు ఇచ్చిన శాలువా, తులసిమాల, ఈ డైరీ పట్టుకొచ్చినప్పుడు కూడా ఇంత సంబరపడలేదు మనిషి. అప్పుడు డైరీ నా చేతిలో పెట్టి "పచ్చళ్ల కొలతలు రాసుకో" అన్నారు. పచ్చళ్ల కొలతలు నా చేతికే తెలుసు, రాయడమెందుకు? అందుకే నా మాటలు రాసుకుంటున్నాను. దీన్ని వంటింటి గుమ్మం పక్క, ఇవతలనుంచే చెయ్యి చాస్తే అందే అరమీద, కందిపప్పు డబ్బా వెనక పెడతాను. ఇరవైతొమ్మిదేళ్ల కాపురంలో ఈయన ఆ డబ్బా ముట్టుకున్న పాపాన పోలేదు.

"ఏమే, బదరికి పోతున్నాము. ఇల్లే కదిలి వస్తుంది మనతో" అన్నారు గుమ్మంలోనే నిలబడి, చెప్పులైనా విప్పకుండా.

బదరి! నా పొయ్యి పైన గోడకి ఒక క్యాలెండరు ఉంది. బదరీనాథుడి గుడి, వెనక మంచుకొండ. పన్నెండేళ్ల నాటిది. పొగకి మంచుకొండ నల్లబడిపోయింది. అయినా తీసి పారేయలేదు. దాన్నే చూస్తూ వండుతాను.

ఇల్లు కదిలి రావడమంటే ఏమిటో సాయంత్రానికి గాని నా బుర్రకి ఎక్కలేదు. ఇల్లు వస్తుందంటే వంటిల్లు వస్తుందని.

19-1-82

వ్యాను చూసి వచ్చాను. చిత్తూరులో చిన్నబ్బ అనే ఆయన ఆరేళ్లు బాడుగకి తిప్పిన టూరిస్టు బండి. కాణిపాకం, కాళహస్తి, కంచి, యాత్రికులు ఎక్కడికంటే అక్కడికి. సీట్లలో పులిహోర వాసన, వాంతుల వాసన కలిసి ఉన్నాయి. కిటికీ అద్దాలమీద వరసగా గుండ్రటి పసుపుపచ్చ మచ్చలు. కొండమీద గుండు చేయించుకుని గంధం పూసుకున్న తలలు ఆ అద్దాలకి ఆనుకుని నిద్రపోయాయి మరి. ఎన్ని తలలో! ఎంతమంది ఎక్కడెక్కడి నుంచి వచ్చారో! నేను మాత్రం ఈ వీధి దాటలేదు.

ఆ బండిని మొదటినుంచీ నడిపిన డ్రైవరు మునస్వామిది ఐరాల పక్క పల్లె. మెకానిక్కు పనీ అతనిదే. బండితోపాటు అతనూ వచ్చేశాడు.

"దీని గుణం నాకు తెలుసమ్మా. తెల్లారి చల్లగుంటే మొండికేస్తాది. మంచిగ మాట్లాడితే కదుల్తాది" అన్నాడు.

మేము నిలబడి మాట్లాడుతుంటే ఒక ముసలాయన సంచీతో పరిగెత్తుకొచ్చి, "కాణిపాకానికి పోతాదా అబ్బా?" అని ఎక్కి కూర్చున్నాడు కూడా. దింపేసరికి తల ప్రాణం తోకకి వచ్చింది. ఈయనకి కోపం. నాకు నవ్వు.

20-1-82

కోపంగా ఉన్నానా? లేదు. బదరికి తీసుకుపోతానంటే కోపమేమిటి?

ఒక సంగతి మాత్రం రాసి పెట్టుకుంటాను. పెళ్లైన ఏడాది మామగారు పోయారు. అప్పుడు ఈయన పరాన్నం ముట్టనని నియమం పట్టారు. నేను వండింది తింటారు, లేదంటే తానే స్వయంపాకం చేసుకుని తింటారు. మూడోది లేదు. ఆ రెండోది ఎలా ఉంటుందో ఇంతవరకు నేను చూడలేదు. అందుకే ఎక్కడికీ వెళ్లలేదు మేము. నాకు పేరు పెట్టిన పెరుందేవి అమ్మవారిని చూడ్డానికి కంచికి పోయినా, సాయంత్రానికి పరుగున వచ్చి పొయ్యి ముట్టించాల్సిందే. పిల్లలు లేరు కాబట్టి కాళ్లకి అడ్డం పడేవాళ్లూ లేరు. అడ్డం పడింది ఆ పొయ్యి ఒక్కటే.

ఇప్పుడు ఆ పొయ్యే నాతో బదరికి వస్తుంది.

27-1-82

రేణిగుంట రోడ్డులో వెల్డింగు షెడ్డు. సీట్లు పీకేశారు. రెండు బల్లలు, నీళ్ల డ్రమ్ము, పెరుమాళ్లకి చిన్న గూడు అమర్చారు. వెనక భాగమంతా వంటిల్లు. చుట్టూ రేకు, అక్కడున్న కిటికీకి కూడా రేకు కొట్టించేశారు.

"కిటికీ ఎందుకు మూయించారు?" అన్నాను.

"దారిన పొయ్యేవాళ్ల దృష్టి తళిగ మీద, పెరుమాళ్ల వంట మీద, పడకూడదు కదే. పెరుమాళ్లకి ఆరగింపు కాకముందే ఎవడో బీడీ కాలుస్తా తొంగి చూస్తే?"

నిజమే. మా ఇంట్లో వంటింటికీ కిటికీ లేదు. అలవాటే. అలవాటే కదా.

3-2-82

ఇవాళ జరిగింది తలుచుకుంటే ఇప్పటికీ నవ్వు ఆగడం లేదు.

ఈయన శాస్త్రం తెలిసిన మనిషి. పొయ్యి ఆగ్నేయ మూలన ఉండాలి, వండేవాళ్లు తూర్పుకి తిరిగి వండాలి. షెడ్డులో నిలబడి సూర్యుణ్ణి చూసి, వెనకవైపు కుడిమూలన కుంపటికి ఇనుప దిమ్మె బిగించి వెల్డింగు చేయించారు. బ్రహ్మాండంగా కుదిరింది. కొబ్బరికాయ కొట్టారు. మునస్వామి బండిని షెడ్డు బయటికి తీసి, రోడ్డుమీద మలుపు తిప్పి ఆపాడు.

ఈయన లోపలికెక్కి చూసి బిత్తరపోయారు. ఆగ్నేయం వాయవ్యానికి పోయింది.

"పొయ్యిని ఎవడ్రా కదిలించింది?" అని అరిచారు.

"పొయ్యి ఆడనే ఉండాది సామీ. బండి తిరిగింది" అన్నాడు మునస్వామి, పాపం భయపడుతూనే. "బండి యాడ నిలబెడితే ఆడ తూర్పు మారతాది గదా."

దేవస్థానం రికార్డు రూములో ముప్పైరెండేళ్లు పనిచేసిన మనిషి! మా వీధివాళ్ల నాలుగు తరాల పత్రాలు ఏ బీరువాలో ఉన్నాయో చీకట్లో చెప్పగలరు. బండి తిరుగుతుందని తట్టలేదు. నాకూ తట్టలేదనుకోండి. పక్కనే నిలబడి హారతిచ్చాను.

చివరికి తేల్చిందేమిటంటే, వంట చేసినంతసేపూ బండి ముఖం ఉత్తరానికే పెట్టి ఆపాలట.

"బదరి ఉత్తరానే గదా సామీ, పొయ్యేటప్పుడు కష్టంల్యా. తిరిగొచ్చేటప్పుడే తంటా" అన్నాడు మునస్వామి.

4-2-82

దిక్సూచి కొనుక్కొచ్చారు.

28-2-82

రేపు నారాయణవనం దాకా వెళ్లి చూసి రావడం. బండిలో మొదటి వంట. చింతపండు నానబెట్టాను.

5-3-82

ఎడమచేత్తో రాస్తున్నా. కుడిచెయ్యి విరిగింది. మణికట్టు.

6-3-82

రోజుకి కొంచెం రాస్తా. నారాయణవనంలో రేకుల పెట్టెలో వండాను. ఊపిరాడలేదు. మడిచీర తడి. కళ్లు చీకట్లు కమ్మాయి. దిగబోతూ పడ్డాను.

7-3-82

మునస్వామి అన్నమాట: "పడితే పుత్తూరు పక్కనే పడాలమ్మా. అదృష్టం గాకపోతే ఏమిది!" ఏడుస్తూనే నవ్వాను. అరగంటలో విరిగిన ఎముకకి పుత్తూరు కట్టు పడింది.

8-3-82

వెదురుబద్దలు, ఆకుపసరు, కోడిగుడ్డు సొన. గుడ్డు! ఆ చేత్తో నేను వంటింట్లోకి పోకూడదు. నలభై రోజుల పైమాట. ఈయన పాలు, అరటిపండ్లు, తడిపిన అటుకులు తింటున్నారు. నాకు ఆడపడుచు పద్మాక్షి క్యారియరు పంపుతోంది.

9-3-82

పద్మాక్షి వచ్చింది. "వదినా, అన్నకి నేనే వచ్చి ఈ ఇంట్లోనే వండి పెడతాను. నేనేమన్నా పరాయిదాన్నా?" అంది. ఈయన "పెళ్లై వేరే గోత్రానికి పోయినావు. మూడోది లేదు" అన్నారు. అది ఏడ్చి వెళ్లిపోయింది. నియమమా, మొండితనమా?

11-3-82

చిన్నబ్బ కబురు పంపాడట. బండి తిరిగి ఇచ్చేస్తే తీసుకుంటాడట. ఈయన ఆలోచిస్తున్నారు. పోతే పోనీ. నాకేం.

12-3-82

పోతే పోనీ.

క్యాలెండరు కనపడదు ఇప్పుడు. గుమ్మం ఇవతల నిలబడితే పొయ్యి పైన గోడ చాటున పడిపోతుంది.

13-3-82

ఈయన వంటింట్లోకి వెళ్లారు!

తలస్నానం చేసి, తడిపంచెతో గుమ్మం దాటారు. "స్వయంపాకం" అన్నారు, యుద్ధానికి పోయేవాడిలా. నేను గుమ్మం ఇవతల పీటమీద కూర్చున్నాను. "నీళ్లెన్ని?" "వేలు మునిగేదాకా." "ఏ వేలు?" నా తల! అన్నం గంజయింది. సాత్తుముదు అని పోసిన చారులో ఉప్పు లేదు. పెరుమాళ్లు ఏమీ అనలేదు, నేనూ అనలేదు.

చిన్నబ్బకి "బండి ఇవ్వము" అని కబురు పోయింది.

20-3-82

అన్నం ఇవాళ అన్నంలా ఉంది. చెయ్యి కాల్చుకున్నారు. కందిపప్పు డబ్బా ఇప్పుడు ఈయన చేతిలోకి పోయింది. పోతే ఏం? డబ్బా వెనక ఏముందని చూసే మనిషి కాదు.

26-3-82

ఉగాది.

ఎడమచెయ్యి నొప్పి పుట్టినా ఇవాళ ఎక్కువ రాస్తాను. ఈయన చక్కెర పొంగలి చేశారు. నన్ను కూర్చోబెట్టి ముందు నాకు వడ్డించారు. "నాకెందుకు ముందు?" అన్నాను. "చేసింది ఎట్లుందో చెప్పేవాళ్లు కావాలి కదా" అన్నారు. ఆకులో అన్నం పొగలు కక్కుతోంది. చేత్తో కలపలేను, చెంచా ఇచ్చారు. ఒక ముద్ద నోట్లో పెట్టుకుని నేను ఏడ్చేశాను. నెయ్యి ఎక్కువైందనుకుని కంగారుపడ్డారు పాపం.

పెళ్లైనప్పటినుంచి వేడన్నం తినలేదు నేను. అందరికీ పెట్టి, పొయ్యి ఆర్పి, తుడిచి, కూర్చునేసరికి చల్లారిపోయేది. చల్లన్నమే నాకిష్టమని నేనే చెప్పుకునేదాన్ని. అబద్ధం. నాకు వేడన్నమే ఇష్టం.

11-4-82

కుడిచెయ్యి! ఇది కుడిచేత్తో రాస్తున్నాను. చూడు నా అక్షరాలు, ముత్యాల్లా వస్తున్నాయి.

పద్మాక్షితో పుత్తూరు వెళ్లాను. కట్టు విప్పేశారు. కట్టు కట్టిన పెద్దాయన మణికట్టు అటూ ఇటూ తిప్పి, "అతుక్కుండాది తల్లీ. వారం దినాలు నూనె రాసుకో, ఆ పైన రోలు దంచుకో, యేమన్నా చేసుకో" అన్నాడు. పద్మాక్షి బయట బస్సుకోసం చూస్తోంది. ఆ మాట వినలేదు.

ఇప్పుడు రాసేది ఎవరికీ చెప్పను. పెరుమాళ్లకి తప్ప.

బస్సులో వస్తూ లెక్క వేసుకున్నాను. ఇరవైయొకటిన బయలుదేరాలి. మంచు తగ్గి బదరి గుడి తలుపులు తీసే వేళకి చేరుకోవాలి. దారిలో అహోబిలం, గోదావరి, గంగ. ఇవన్నీ నేను ఎక్కడి నుంచి చూస్తాను? ఊరూరా బండి ఆగగానే ఈయన, మునస్వామి దిగి గుడికి పోతారు, నేను మడి కట్టుకుని రేకుల పెట్టెలోకి పోతాను. బదరిలో కూడా, ఎదురుగా మంచుకొండ పెట్టుకుని, నేను రేకు చూస్తూ కుంపటి విసురుకుంటాను. అక్కడ క్యాలెండరు కూడా ఉండదు.

బస్సు దిగి ఇంటి గుమ్మం చేరేసరికి, ఇన్నాళ్లూ మెడకి కట్టుకున్న పంచెగుడ్డలో చెయ్యి మళ్లీ వేలాడేసుకుని ఉన్నాను. "ఏమన్నారు?" అని ఈయన పరుగెత్తుకొచ్చారు.

"ఇంకో రెండు నెలలు బరువు పెట్టకూడదట" అన్నాను.

ఎంత సునాయాసంగా వచ్చిందో ఆ మాట! నాకే భయమేసింది.

"సరే, నేనున్నాను కదా" అని లోపలికి పోయి పప్పు కడగడం మొదలుపెట్టారు.

13-4-82

చెయ్యి కొంచెం నొప్పిగానే ఉంది. అబద్ధం కాదు. నిజంగానే కొంచెం ఉంది.

15-4-82

నొప్పి లేదు.

16-4-82

ఈయన చిక్కిపోయారు. వేళ్ల నిండా బొబ్బలు. పొద్దున్నే లేచి కట్టెలు పేర్చుకుంటూ పాశురం చదువుకుంటున్నారు, మధ్యలో దగ్గు. ఆ దగ్గు నాది. ఇరవైతొమ్మిదేళ్లు నేను దగ్గిన దగ్గు. చెప్పేద్దామని నోటిదాకా వచ్చింది. "ఏమే, సాత్తుముదులో మిరియాలు సరిపోయినాయా?" అని అడిగారు ఇంతలో, బడిపిల్లాడు పలక చూపించినట్టు. "సరిపోయాయి" అన్నాను. చెప్పలేదు.

పాపిష్టిదాన్ని. కానీ సరిపోయాయి, నిజంగానే.

17-4-82

బండిలో ఈయన వంట చేసి చూశారు. నేను బయట చెట్టుకింద కూర్చున్నాను. పావుగంట కాలేదు, ఈయన దగ్గుతూ, కళ్లు తుడుచుకుంటూ దూకేశారు. మొహం ఎర్రగా కందిపోయింది.

"మునస్వామీ, ఆ కిటికీ రేకు పీకెయ్!"

"తళిగ మీద దృష్టి సామీ?"

"సన్నటి పంచె తెర కడతాను. గాలి వస్తే చాలు. మనిషి బతికుంటే కదా తళిగ!"

మునస్వామి సుత్తితో రేకు ఊడగొట్టాడు. లోపల అద్దం మీద ఇంకా గంధం మచ్చలున్నాయి. ఈయన ఆ కిటికీలోంచి తల బయటపెట్టి, చాలాసేపు ఊపిరి పీల్చుకుని, నావైపు చూశారు.

"ఇంట్లో కూడా కిటికీ లేదు కదే" అన్నారు.

"లేదు" అన్నాను.

"ఇన్నేళ్లు ఎట్లున్నావే?"

ఆ ప్రశ్నకోసం ఎన్నేళ్లు ఎదురుచూశానో నాకే తెలీదు. కట్టులో ఉన్న మంచి చేత్తో కళ్లు తుడుచుకోబోయి, గుర్తొచ్చి, ఎడమచేత్తో తుడుచుకున్నాను.

18-4-82

రేపు చెప్పేస్తాను. కొట్టినా తిట్టినా సరే. కిటికీ ఉంది కదా ఇప్పుడు. కిటికీ ఉంటే నేను వండగలను. మనిషి అన్నాక కొంత న్యాయం ఉండాలి.

19-4-82

పద్మాక్షి వచ్చి పోయింది. అన్నం మాట మర్చిపోయి అన్నకోసం చలికోటు అల్లి తెచ్చింది. సామాను సర్దడం. చెప్పడానికి వీలు చిక్కలేదు.

20-4-82

తలుపు గడియ పెట్టుకుని రాస్తున్నాను.

డైరీ మూటలో పెట్టుకుందామని కందిపప్పు డబ్బా వెనక నుంచి తీశాను. ఏప్రిల్ పదకొండో తారీఖు పేజీ మీద, ఆ అబద్ధం రాసినచోట, కింది మూలన, పసుపు వేలిముద్ర. లావు బొటనవేలు. నా చేతికి పసుపు అంటి యాభై రోజులైంది. ఈ ఇంట్లో పసుపు డబ్బాలో చెయ్యి పెట్టే మనిషి ఇప్పుడు ఒక్కరే.

చదివేశారు. అంతా చదివేశారు. వేడన్నం సంగతి, రేకుల పెట్టె సంగతి, రెండు నెలల అబద్ధం, పాపిష్టిదాన్నని రాసుకున్నది కూడా. ఎప్పుడు చదివారు? రేకు పీకించకముందా, తర్వాతా? పేజీలు తిరగేసి చూశాను, ఇంకెక్కడా ముద్ర లేదు. ఆ ఒక్క పేజీ దగ్గరే ఆగారు.

మధ్యాహ్నం ఈయన వడ్డిస్తుంటే మొహంలోకి చూశాను. మామూలుగానే ఉన్నారు. "ఇంకొంచెం పెట్టుకో, రేపటినుంచి ప్రయాణం" అన్నారు. చెంచాతో అన్నం అటూ ఇటూ జరుపుతూ కూర్చున్నాను. రేపు బండి దగ్గర అందరిముందూ అంటారేమో. "చెయ్యి బాగైంది కదా, ఎక్కు వెనకకి" అంటారేమో. అంటే ఎక్కుతాను. ఏ మొహంతో కాదంటాను?

21-4-82

రాజంపేట దాటాము. రాస్తున్నాను.

పొద్దున వీధంతా వచ్చింది. పెరుమాళ్లను గూటిలో వేంచేపు చేశారు. పద్మాక్షి హారతిచ్చింది. నేను వెనక తలుపు దగ్గర నిలబడ్డాను, మెడలో కట్టుతో, తప్పు చేసిన పిల్లలా తల వంచుకుని. ఈయన దగ్గరికి వచ్చారు. కట్టువైపు చూశారు. నా కుడి చూపుడువేలి మీద సిరా మరక ఉంది, అది కూడా చూశారు. నేను దాచుకోలేదు.

"నేనొకటి చెప్పాలి మీకు" అన్నాను.

"ముడి వదులైందే" అన్నారు.

అని, బొబ్బలెక్కిన ఆ వేళ్లతో నా మెడ వెనక ముడి విప్పి, గుడ్డ సరిచేసి, మళ్లీ గట్టిగా బిగించి కట్టారు. రికార్డు కట్టలకి తాడు బిగించినట్టు రెండు ముళ్లు వేశారు.

"బదరి దాకా విప్పొద్దు" అన్నారు, నాకొక్కదానికే వినపడేటట్టు. ఆ తర్వాత జేబులోంచి దిక్సూచి తీసి నా ఎడమచేతిలో పెట్టి, అందరికీ వినపడేటట్టు, "నువ్వు పోయి ముందు కూర్చో. ఉత్తరం యాడుందో మునస్వామికి చెప్తా ఉండు. వాణ్ణి నమ్మితే ఆగ్నేయం మళ్లీ పారిపోతుంది" అన్నారు.

వెనకకి తిరిగి చూడకుండా వంటింట్లోకి ఎక్కిపోయారు.

నేను ముందు సీటులో కూర్చున్నాను. ఎదురుగా ఎంత పెద్ద అద్దం! మునస్వామి బండితో మంచిగా మాట్లాడాడు, అది కదిలింది. కరకంబాడి దగ్గర ఒక ముసలామె చెయ్యెత్తి, "యాడికి పోతాదమ్మా బండి?" అని అడిగింది. "బదరికి!" అని అరిచాను. నా గొంతు అంత పెద్దదని నాకిప్పుడే తెలిసింది. వెనకనించి ఈయన నవ్వడం వినిపించింది. క్యాలెండరు కూడా తెచ్చుకున్నాను. ఇప్పుడది ఈయన కుంపటి పైన ఉంది, చూస్తూ వండుకుంటారని.

కట్టు విప్పలేదు. డైరీ ఒళ్లో పెట్టుకుని, చెయ్యి కట్టులోనే ఉంచి కుడిచేత్తోనే రాస్తున్నాను. రోడ్డు బాగాలేక అక్షరాలు వంకర పోతున్నాయి.